కీమో అయిపోయింది, కాళ్ళ మంటలు పోలేదు. కరెంటు మెషిన్లు, లేజర్ నిజంగా పనిచేస్తాయా? (విశాఖ)

నీలికెరటం · సోమవారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మాది సీతమ్మధార. అమ్మకి 58 ఏళ్ళు, రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక ఎర్రమందు అనే కీమో నాలుగు సైకిళ్ళు, తర్వాత వారం వారం పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు 12 డోసులు ఎక్కించారు. ఆఖరి డోసు అయి పది వారాలు. జుట్టు మొలుస్తోంది, అన్నం సయిస్తోంది. కాళ్ళే మమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు.

ఏడో డోసు దగ్గరే వేళ్ళ చివర తిమ్మిరి మొదలైందట. డాక్టర్‌కి చెబితే మందు ఆపేస్తారు, ఆపితే జబ్బు తిరగబెడుతుంది అని భయపడి ఎవరికీ చెప్పలేదు. నాకెలా తెలిసిందంటే, ఒక సాయంత్రం అమ్మ మల్లెమాల కడుతోంది. నేను వెనక నిలబడి చూస్తున్నాను. ఇదివరకు టీవీ చూస్తూనే మూర మాల కట్టేసేది. ఆ రోజు ప్రతి పువ్వుకీ వేలి వంక చూసుకుంటోంది, దారం వేలి మీద ఉందో జారిపోయిందో తెలియక. ముప్పావు గంటకి జానెడు కూడా కాలేదు.

రాత్రి పది దాటితే అరికాళ్ళు కారం పూసినట్టు మంట. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేదు. లేచి గచ్చు మీద పాదాలు ఆనించి కూర్చుంటుంది, తెల్లారేదాకా.

ఊళ్ళో ఒక నొప్పుల క్లినిక్‌కి తీసుకెళ్ళాను. స్క్రాంబ్లర్ అనే మెషిన్, దాంతోపాటు లేజర్, పది సిట్టింగులు, మొత్తం 45 వేలు, ముందే కట్టాలి, నూటికి నూరుపాళ్ళు గ్యారంటీ అన్నారు. సూది లేదు, కోత లేదు అనేసరికి అమ్మకి ఆశ పుట్టింది. బంగారం పెట్టయినా కట్టేస్తాను, కానీ నిజంగా పనిచేస్తుందా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

ఉక్కునగరం_రిటైర్డ్ · సోమవారం, రాత్రి 11:24

అమ్మా, బంగారం మీద చెయ్యి వెయ్యకు. ముందు నా మాట విను.

నాది పెద్దపేగు క్యాన్సర్. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు పెట్టారు. ఆ మందు తీరు వేరు. ఎక్కించిన రోజు నుంచీ చల్లటిది ఏది తగిలినా కరెంటు కొట్టినట్టుండేది. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చెయ్యి లాగీసుకునేవాణ్ణి. ఒకసారి ఎండన పడి వచ్చి చల్లటి కొబ్బరినీళ్ళు గుటకేశాను, గొంతు పట్టీసినట్టై ఊపిరాడలేదనిపించింది. నిజానికి ఊపిరి ఆడుతూనే ఉంటాదట, ఆడనట్టు అనిపిస్తాదంతే. ఆ అయిదు నిమిషాల్లో మా ఆవిడ ఏడుపు ఇప్పటికీ గుర్తు.

మందు ఆపీసాక తగ్గుతాదనుకున్నాను. ఆపిన తర్వాత రెండు నెలలు ఇంకా పెరిగింది. ఈ జాతి మందులకి అలా జరుగుతాదని డాక్టరుగారు ముందే చెప్పుంటే నేనంత బెంగపడేవాణ్ణి కాదు. ఇప్పటికి రెండేళ్ళు. చేతులు బాగయ్యాయి. కాలివేళ్ళు మాత్రం ఇంకా మొద్దుగానే ఉన్నాయి, కానీ మంట లేదు. మీ అమ్మగారికి పది వారాలే కదా. టైముంది.

గ్యారంటీ అన్నవాడి దగ్గరికి మాత్రం మళ్ళీ వెళ్ళకండి.

సంపెంగ · మంగళవారం, ఉదయం 6:10

నీలికెరటం గారూ, నేను కూడా పాక్లిటాక్సెల్ తీసుకున్నదాన్నే. నాలుగేళ్ళయింది. స్కూలు టీచర్ని, బోర్డు మీద సుద్దముక్క పట్టుకుంటే వేళ్ళలోంచి జారిపోయేది. పాక్లిటాక్సెల్ తిమ్మిర్లు చాలామందికి మందు ఆపాక నెలల మీద తగ్గుతూ వస్తాయి, కొందరికి కొంత మిగిలిపోతుంది. నాకు ఎడమకాలి చిటికెన వేలు, దాని పక్కది మిగిలాయి.

ఒక సంగతి అడుగుతాను. అమ్మగారికి నొప్పి ఎక్కువా, మొద్దుబారడం ఎక్కువా? ఈ రెంటినీ మనం కలిపి "తిమ్మిర్లు" అనేస్తాం. మంట, సూదులు గుచ్చినట్టుండడం, షాక్ కొట్టినట్టుండడం వేరు. స్పర్శ తెలియకపోవడం వేరు. నాకు తెలిసినంతలో మందులైనా మెషిన్లయినా మొదటిదానికే కొంత పనికొస్తాయి. రెండోదానికి కాలం, వ్యాయామం. ఈ తేడా నాకు ఎవరూ చెప్పక ఏడాదిపాటు "మందు పనిచేయలేదు, పనిచేయలేదు" అని ఏడ్చాను. నొప్పి సగం తగ్గిన సంగతి గమనించుకోనే లేదు.

ఫిజియో_మద్దిలపాలెం · మంగళవారం, మధ్యాహ్నం 2:35

క్యాన్సర్ పేషంట్లతో పనిచేసే ఫిజియోని. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు కరెంటు మెషిన్ల సంగతి. మనవాళ్ళు "కరెంటు పెట్టడం" అనే టెన్స్ మెషిన్ చాలా పాతది. మెల్‌జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో ఒక సిద్ధాంతం చెప్పారు. వెన్నుపాములో గేటు లాంటిది ఉంటుంది, తాకిడి కబుర్లు మోసే లావు నరాలు చురుగ్గా ఉంటే, నొప్పి కబుర్లు మోసే సన్న నరాలకి దారి ఇరుకవుతుంది అని. దెబ్బ తగలగానే చేత్తో రుద్దుకుంటామే, అదీ ఇదే. టెన్స్ ఆ రుద్దే పనిని చిన్న కరెంటుతో చేస్తుంది. స్క్రాంబ్లర్ ఇటలీలో పుట్టిన మెషిన్. నొప్పి కబురు మోసే నరాల మీదే "ఇక్కడ నొప్పి లేదు" అనే కబురు పంపి మెదడుని అలవాటు చేయిస్తుందని దాన్ని తయారుచేసినవాళ్ళ మాట. నొప్పి ఉన్నచోట కాకుండా దాని చుట్టూ, స్పర్శ బాగున్నచోట ప్యాడ్లు అంటించి, రోజుకి అరగంట ముప్పావు గంట, పది రోజులు చేస్తారు. ప్యాడ్లు ఎక్కడ పెట్టాలో కనిపెట్టడంలోనే పనంతా ఉంది. అది నేర్చుకున్న మనిషి చేతిలోనే దానికి విలువ.

అమెరికాలో 2009లో దాని అమ్మకానికి అనుమతి వచ్చింది. క్లినిక్ వాళ్ళు అదే చూపించి ఉంటారు. ఆ అనుమతికి అర్థం, ఇంతకుముందున్న మెషిన్లలాంటిదే, అమ్ముకోవచ్చు అని. కీమో నొప్పి తగ్గిస్తుందని రుజువైంది అని దానర్థం కాదు. అధ్యయనాలు ఉన్నాయి, అన్నీ చిన్నవి. కొన్నిటిలో బాగా తగ్గింది. ఉత్తుత్తి మెషిన్‌తో పోల్చి చూసినప్పుడు తేడా కనపడనిదీ ఉంది. అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం 2020లో మార్గదర్శకాలు సవరించినప్పుడు వ్యాయామం, ఆక్యుపంక్చర్, స్క్రాంబ్లర్ మూడింటినీ ఒకే వరసలో పెట్టింది: ఆశ ఉంది, పెద్ద అధ్యయనాలు కావాలి అని. కాబట్టి గ్యారంటీ అనే మాట ఎవరు అన్నా నమ్మొద్దు.

మీ చేతిలో 45 వేలు ఉన్నా ముందు ఒక టెన్స్ మెషిన్ వాడి చూడమంటాను. అరచేతిలో పట్టేంతది. రెండు మూడు వేల లోపు సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. కొనేముందు మీ ఫిజియో దగ్గర రెండు మూడు రోజులు పెట్టించి చూడండి. అమ్మగారికి పనికొస్తే కొనండి.

వాడే తీరు ముఖ్యం. పూర్తిగా మొద్దుబారిన అరికాలి మీద ప్యాడ్ పెట్టకండి. అక్కడ కరెంటు ఎంత పెంచినా తెలియదు, తోలు కమిలిపోతుంది. స్పర్శ ఎక్కడిదాకా బాగుందో చూసుకుని, మడమ పైన, పిక్క పక్కన పెట్టాలి. గట్టిగా తెలియాలి కానీ నొప్పి పుట్టకూడదు, కండ అదరకూడదు. అరగంట. అమ్మగారికి మంట రాత్రి పదికి మొదలవుతుందన్నారు, తొమ్మిదిన్నరకి పెట్టండి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు వాడకూడదు. మెడ ముందు భాగంలో, గడ్డ ఉన్నచోట, పుండు మీద పెట్టకూడదు. మీ ఆంకాలజిస్ట్‌కి, అంటే క్యాన్సర్ డాక్టర్‌కి, ఒక మాట చెప్పి మొదలుపెట్టండి.

నీలికెరటం · మంగళవారం, సాయంత్రం 7:48

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. సంపెంగ గారూ, మీ ప్రశ్న అమ్మని అడిగాను. కాళ్ళలో మంట, చేతుల్లో మొద్దు అంది. ఇన్నాళ్ళూ నేను రెండూ ఒకటే అనుకున్నాను.

ఫిజియో గారూ, మరి లేజర్?

ఫిజియో_మద్దిలపాలెం · మంగళవారం, రాత్రి 8:30

తక్కువ శక్తి లేజర్. కాల్చదు, వేడి కూడా పెద్దగా తెలియదు. కీమో రేడియేషన్లలో నోటిపూతకి వాడతారు, అక్కడ దానికి మంచి ఆధారమే ఉంది. నరాల నొప్పికి ఒకటి రెండు చిన్న అధ్యయనాలు బాగున్నాయి, అంతే. గడ్డ ఉన్నచోట వాడరు, చేసేటప్పుడు కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలి. నేనైతే మొదటి ఖర్చు దాని మీద పెట్టించను.

కంచరపాలెం_బాబు · మంగళవారం, రాత్రి 9:15

ఫిజియో గారి మాటని కాదనను, కానీ మా మేనమామకి స్క్రాంబ్లర్ పనిచేసింది. వేరే ఊళ్ళో, ఒక పెద్దాసుపత్రిలో చేయించాం. మూడో రోజుకే "ఒరే, మంట తగ్గిందిరా" అన్నాడు. పది రోజులయ్యాక మూడు నెలలు హాయిగా ఉన్నాడు. తర్వాత మళ్ళీ వచ్చింది, అప్పుడు ఇంకో నాలుగు రోజులు చేయించాం. డబ్బున్నవాళ్ళు చేయించుకుంటే తప్పేముంది?

ఫిజియో_మద్దిలపాలెం · మంగళవారం, రాత్రి 9:40

తప్పేమీ లేదు బాబూ. మీ మామయ్యకి తగ్గడం నిజం, ఆ మూడు నెలల నిద్రా నిజం. నా అభ్యంతరం అప్పు చేసి, ముందే డబ్బంతా కట్టి చేయించుకోవడానికే. మీరు చేయించినచోట ఒక్కో సిట్టింగుకి కట్టించుకున్నారా?

కంచరపాలెం_బాబు · మంగళవారం, రాత్రి 9:52

అవునండీ, ఏ రోజుది ఆ రోజే. మూడు రోజుల్లో ఏమీ తెలియకపోతే ఆపేద్దాం అని డాక్టర్‌గారే అన్నారు.

ఫిజియో_మద్దిలపాలెం · మంగళవారం, రాత్రి 9:58

మంచి డాక్టర్. నీలికెరటం గారూ, మీ క్లినిక్‌ని ఈ షరతు అడిగి చూడండి. వాళ్ళ జవాబుని బట్టి మీకే తెలుస్తుంది.

నర్సీపట్నం_మాస్టారు · బుధవారం, ఉదయం 5:30

ఇది రాయడానికి మనసొప్పడం లేదు, అయినా ఇంకొకరికి జరక్కూడదని రాస్తున్నాను.

మా ఇంటావిడకి అండాశయ క్యాన్సర్, కీమోతో పాదాలు మొద్దుబారాయి. పైగా పదేళ్ళుగా షుగరు. అందరూ చెప్పిందే మేమూ చేశాం. వేడినీళ్ళలో కల్లుప్పు వేసి కాళ్ళు పెట్టుకోమన్నాను. బకెట్టు నేనే తెచ్చి పెట్టాను. నా చెయ్యి ముంచి చూడలేదు. "వేడి చాలడం లేదండీ" అంటే ఇంకో చెంబు మరిగే నీళ్ళు నేనే పోశాను. ఆవిడ పావుగంట కాళ్ళు అందులోనే పెట్టుకుని కూర్చుంది, హాయిగా ఉందని. మర్నాడు పక్కదుప్పటి మీద తడి చూసి ఏమిటా అని కాలు ఎత్తితే మడమ కింద నిమ్మకాయంత బొబ్బ చిట్లిపోయి ఉంది. ఆవిడకి తెలియనే లేదు. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది.

వేడినీళ్ళ సంచి, ఇసుక కాపడం, ఇటుక కాపడం, ఏదీ వద్దు. స్నానానికి కూడా నీళ్ళు వేరేవాళ్ళు మోచేత్తో చూసి ఇవ్వండి.

ఫిజియో_మద్దిలపాలెం · బుధవారం, ఉదయం 8:05

మాస్టారూ, మీరిది రాసినందుకు నమస్కారం. మీ తప్పు లేదు, మీకెవరూ చెప్పలేదు.

దీనికి తోడు ఒకటి చెప్పాలి. ఫిజియో సెంటర్లలో కూడా మైనం పట్టీలు, ఎర్ర దీపం కాపడం అలవాటుగా పెట్టేస్తుంటారు. మేము చేయాల్సింది ఏమిటంటే, రెండు గాజు గొట్టాల్లో ఒకదాంట్లో గోరువెచ్చని నీళ్ళు, ఒకదాంట్లో చల్లనీళ్ళు పోసి, పేషంటు కళ్ళు మూసుకుంటే పాదానికి తాకించి ఏది ఏదో అడగాలి. తప్పు చెబితే వేడి పెట్టకూడదు. మీకు వేడి పెట్టబోతుంటే "ముందు నాకు ఆ పరీక్ష చేయండి" అని అడగండి. అడిగే హక్కు మీకుంది.

పెందుర్తి_కోడలు · బుధవారం, ఉదయం 11:12

ఇదంతా చదువుతుంటే గుండె దడగా ఉంది. మా చెల్లికీ రొమ్ము క్యాన్సరే, వచ్చే బుధవారం నుంచి వారం వారం పాక్లిటాక్సెల్ మొదలు. రాకుండా ముందే ఏమైనా చేయొచ్చా? ఐసు గ్లవ్స్ పెట్టుకుంటే రాదని ఎక్కడో విన్నాను. నరాల బలానికి మాత్రలు కూడా మెడికల్ షాపాయన ఇచ్చాడు, ముందు నుంచీ వేసుకుంటే మంచిదన్నాడు.

ఉక్కునగరం_రిటైర్డ్ · బుధవారం, ఉదయం 11:30

తల్లీ, ఐసు వద్దు! ఏ మందో ముందు ఖాయం చేసుకోండి. నాలాంటి మందైతే ఐసు పట్టుకుంటే ప్రాణం పోయినట్టుంటాది. డిసెంబరులో మా అబ్బాయి కార్లో అరకు తీసుకెళ్ళాడు, కారు దిగిన నిమిషంలో వేళ్ళు కొంకర్లు పోయాయి. అటే తిరిగి వచ్చీసాం.

వార్డు_నైట్‌డ్యూటీ · బుధవారం, మధ్యాహ్నం 3:20

కీమో వార్డులో పన్నెండేళ్ళుగా నర్సుని. నిన్న డ్యూటీ దిగి పడుకున్నాను, ఇప్పుడే అంతా చదివాను.

ఉక్కునగరం అన్నయ్య భయం సరైనదే. ఆక్సాలిప్లాటిన్‌కి చల్లదనం శత్రువు, దానికి ఐసు ససేమిరా వద్దు. పాక్లిటాక్సెల్ వేరు. జపాన్‌లో ఒక అధ్యయనం చేసి 2018లో ప్రచురించారు. ఒకే మనిషికి ఒక చేతికీ ఒక కాలికీ గడ్డకట్టిన గ్లవ్, సాక్సు తొడిగారు, రెండోవైపు ఊరికే వదిలేశారు. మందు ఎక్కడానికి పావుగంట ముందు మొదలుపెట్టి, అయిపోయాక పావుగంట దాకా, మొత్తం గంటన్నర. చల్లగా ఉంచినవైపు తిమ్మిరి బాగా తక్కువగా వచ్చింది. చల్లదనానికి అక్కడి రక్తనాళాలు ముడుచుకుని వేళ్ళ చివరకి మందు తక్కువ చేరుతుందని లెక్క. అయినా తర్వాతి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు, అందుకే ఇదింకా అందరికీ తప్పనిసరి చేయలేదు.

మా దగ్గర కొందరు అడిగి చేయించుకుంటారు. ముందే డాక్టర్‌ని అడగాలి. మంచుగడ్డ నేరుగా తోలుకి తగలకూడదు, పల్చటి బట్ట చుట్టాలి. కరిగిపోతుంది కాబట్టి మార్చడానికి రెండో జత థర్మాకోల్ డబ్బాలో ఉండాలి. ఓర్చుకోలేకపోతే మధ్యలో తీసేయాలి, మొండిగా కూర్చోకూడదు. వేళ్ళకి రక్తప్రసరణ జబ్బు ఉన్నవాళ్ళు చేయకూడదు.

ఇక ఆ మాత్రలు. ఇది నాకు కోపం తెప్పించే విషయం. పేరేమిటో చూడండి. వాటిలో ఎసిటైల్ ఎల్ కార్నిటిన్ ఉంటే ఈ రోజే ఆపేయండి. సరిగ్గా మీ చెల్లెలిలాంటి రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ళకి, ఇదే జాతి కీమోతోపాటు దాన్ని ఇచ్చి చూశారు, 2013లో ఫలితాలు వచ్చాయి. తిమ్మిర్లు తగ్గడం మాట దేవుడెరుగు, వేసుకోనివాళ్ళకంటే వేసుకున్నవాళ్ళకే ఎక్కువయ్యాయి. మార్గదర్శకాల్లో దాన్ని వాడొద్దనే రాశారు. ఇంకోటి, బీ6. అది ఎక్కువ మోతాదులో నెలల తరబడి వేసుకుంటే దానివల్లే నరాలు దెబ్బతింటాయి. నరాల మాత్రలని అమ్మే చాలావాటిలో అది ఉంటుంది. రెండు మూడు రకాలు కలిపి మింగేవాళ్ళని రోజూ చూస్తున్నాను.

బీ12 తక్కువుంటే అది వేరే కథ. శాకాహారులకీ, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకీ తగ్గుతుంది. అది తగ్గినా ఇవే తిమ్మిర్లు. కాబట్టి బీ12, షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించి, లోపం ఉంటే అది సరిచేసుకోవాలి. నీలికెరటం గారూ, అమ్మగారికి ఇవి చేయించారా?

వార్డు_నైట్‌డ్యూటీ · బుధవారం, మధ్యాహ్నం 3:41

ఒకటి రాయడం మరిచాను. పెందుర్తి చెల్లీ, అన్నిటికంటే ఇదే ముఖ్యం. మీ చెల్లికి తిమ్మిరి మొదలైన వారమే డాక్టర్‌కి చెప్పమనండి. చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నావా, చెప్పు కాల్లోంచి జారిపోతే తెలుస్తోందా, ఫోన్‌లో టైపు చేయగలుగుతున్నావా, ఈ మూడూ ప్రతి వారం మీరే అడగండి. చెప్పగానే మందు ఆపేయరు. డోసు తగ్గించొచ్చు, ఒక వారం వాయిదా వేయొచ్చు, వేరే మందుకి మారొచ్చు. అవన్నీ డాక్టర్ చేతిలో ఉన్న దారులు, మనం దాచిపెడితే ఆయనకి ఆ దారులు ఉండవు. నీలికెరటం వాళ్ళమ్మగారిలా దాచుకునేవాళ్ళే మా వార్డులో ఎక్కువ. మంచం పక్కన నిలబడి "తిమ్మిర్లున్నాయా అమ్మా" అంటే లేవంటారు. నీళ్ళ సీసా మూత మాత్రం పక్కవాళ్ళ చేత తీయించుకుంటారు.

నీలికెరటం · బుధవారం, రాత్రి 9:05

ఆ సీసా మూత మాట చదివి ఆగిపోయాను. అమ్మ కూడా అంతే. "గోళ్ళు నొప్పి, నువ్వు తియ్యి" అనేది.

బీ12 చేయించలేదండీ. మేము శాకాహారులమే. రేపే చేయిస్తాను. మందుల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. డాక్టర్‌గారు ప్రీగాబాలిన్ రాశారు, అమ్మ పగలంతా మత్తుగా పడుకుంటోంది, మంట అలాగే ఉంది.

సంపెంగ · బుధవారం, రాత్రి 9:33

నాకూ మొదట అదే రాశారు, నాకూ మత్తే. తర్వాత నరాల డాక్టర్ డులోక్సెటిన్‌కి మార్చారు. కీమో వల్ల వచ్చే ఈ నొప్పికి మార్గదర్శకాల్లో సిఫారసు ఉన్న మందు అదొక్కటేనని ఆయన చెప్పారు. 2013లో 231 మంది మీద చేసిన అధ్యయనంలో, ఆ మందు వాడినవాళ్ళలో నూటికి 59 మందికి నొప్పి ఎంతో కొంత తగ్గిందట, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 38 మందికి. అంటే అందరికీ కాదు. నాకు మొదటి వారం 30, తర్వాత 60 మిల్లీగ్రాములు. నాలుగు రోజులు వాంతి వచ్చినట్టుండేది, తర్వాత సర్దుకుంది. ఒక్కసారిగా మానకూడదు, మెల్లగా తగ్గించాలి. అమ్మగారు టామోక్సిఫెన్ (రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే మాత్ర) వాడుతుంటే తప్పకుండా చెప్పండి, ఈ రెంటికీ పొత్తు సరిగ్గా కుదరదంటారు, డాక్టర్ చూసుకుని రాస్తారు.

టెన్స్ నాకు పనిచేయలేదు. వారం వాడాను, పెట్టుకున్నంతసేపూ బాగుండేది, తీయగానే మామూలే. ఆక్యుపంక్చర్ కొంత హాయినిచ్చింది, సూదులు కాబట్టి మీ ప్రశ్నకి సరిపోదేమో. రక్తకణాలు బాగా తగ్గి ఉన్నప్పుడు మాత్రం అది చేయించుకోకూడదు.

నాకు నిజంగా తేడా తెచ్చింది నడక, బ్యాలెన్స్ వ్యాయామాలు. పొద్దున్నే వాహనాలు లేనప్పుడు బీచ్ రోడ్డు మీద నడిచేదాన్ని, బూట్లతో. ఇసుకలోకి దిగలేదు. స్పర్శ లేని కాలికి ఇసుకలో గాజుముక్క గుచ్చుకున్నా, ఎండకి కాలినా తెలియదు.

వార్డు_నైట్‌డ్యూటీ · బుధవారం, రాత్రి 10:02

మీరు చికిత్స తీసుకున్న ఆసుపత్రిలో పెయిన్ క్లినిక్ గానీ పాలియేటివ్ విభాగం గానీ ఉంటే అక్కడ చూపించండి. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఊళ్ళో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది. పాలియేటివ్ అనగానే మనవాళ్ళు ఆఖరి రోజులనుకుని బెదిరిపోతారు. నొప్పి తగ్గించడమే వాళ్ళ చదువు.

పెందుర్తి_కోడలు · బుధవారం, రాత్రి 10:20

మాత్రలు చూశాను అక్కా. మీరు చెప్పిన కార్నిటిన్ ఉంది, బీ6 కూడా ఉంది. చెత్తబుట్టలో వేసేశాను. రేపు షాపాయనకి కూడా చెబుతాను, ఆయన మంచివాడే, తెలియక ఇచ్చాడు. బ్యాలెన్స్ వ్యాయామాలంటే ఏం చేయాలి?

ఫిజియో_మద్దిలపాలెం · గురువారం, మధ్యాహ్నం 1:50

దీని మీద మంచి కబురుంది. జర్మనీలో 158 మంది మీద చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. కీమో జరుగుతున్నన్నాళ్ళూ వారానికి రెండుసార్లు, పావుగంట నుంచి అరగంట బ్యాలెన్స్ వ్యాయామాలు చేయించారు. ఏమీ చేయనివాళ్ళలో నూటికి సుమారు 70 మందికి నరాల దెబ్బ కనిపిస్తే, చేసినవాళ్ళలో 30 మందికే. ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టిన్ జాతి మందులవాళ్ళ మీద చేశారు, మీ చెల్లి మందు అందులో లేదు. అయినా ఖర్చు లేనిది, మొదటి డోసు నుంచే మొదలుపెట్టించండి.

పెద్ద సరంజామా అక్కర్లేదు. వంటింటి గట్టు పట్టుకుని నిలబడాలి. పాదాలు దగ్గరగా పెట్టి అర నిమిషం. అది కుదిరాక ఒక పాదం ముందు, ఒకటి వెనక, మడమకి బొటనవేలు తాకేలా. అదీ కుదిరాక ఒంటికాలి మీద. తర్వాత కళ్ళు మూసుకుని, అప్పుడు పక్కన మనిషి తప్పకుండా ఉండాలి. కళ్ళు మూయగానే తూలతారు, ఎందుకంటే పాదం పంపాల్సిన కబురు ఇన్నాళ్ళూ కళ్ళు పంపుతున్నాయి. ఆ తూలడంలోనే నరాలకి పని దొరుకుతుంది. పడితే ఎముక విరుగుతుంది, అందుకే గట్టు పక్కనే చేయాలి. గచ్చు పలకల గీత మీద అడుగులో అడుగేసి నడవడం, కింద పరిచిన తువ్వాలుని కాలివేళ్ళతో దగ్గరికి లాగడం కూడా.

చేతులకి చపాతీ పిండి చాలు. ముద్ద పిసకడం, వేళ్ళతో చిన్న చిన్న ఉండలు చేయడం. బియ్యంలో శనగలు కలిపి, చూడకుండా శనగలు ఏరడం. నీలికెరటం గారూ, అమ్మగారికి ఆ మల్లెమాల మాన్పించకండి. మొదట లావు దారం ఇవ్వండి, పూల బదులు కాగితం చుట్టలు కట్టినా సరే. రోజుకి పది నిమిషాలు.

నీలికెరటం · గురువారం, రాత్రి 8:15

ఇంకొక్కటి అడుగుతాను, విసుక్కోకండి. కీమో అయితే సింహాచలం మెట్లెక్కి వస్తానని అమ్మ అప్పన్నకి మొక్కుకుంది. వెయ్యి మెట్లు, వట్టి కాళ్ళతో. ఈ నెలలోనే వెళ్దామంటోంది. వద్దంటే ఏడుస్తోంది.

సంపెంగ · గురువారం, రాత్రి 8:40

అమ్మా, నేనూ మొక్కుకున్నాను, ఏడాది ఆగి వెళ్ళాను. ఆలస్యమైతే స్వామి ఏమీ అనుకోడు. ఇప్పుడు కొండ మీదకి కారులో తీసుకెళ్ళి దర్శనం చేయించండి. తెల్లవారుజామునే వెళ్ళండి, ఎండెక్కితే రాతిబండ కాలుతుంది, ఆవిడకి తెలియదు. పల్చటి నూలు మేజోళ్ళు వేయించండి. ఇంటికి వచ్చాక పాదాలు కడిగి, తుడిచి, అద్దం కింద పెట్టి అరికాలు చూడండి, వేళ్ళ సందులు కూడా. గుడికెళ్ళినా వెళ్ళకపోయినా ఇది రోజూ చేయాల్సిందే. ఇంట్లో కూడా చెప్పులుండాలి, వెనక పట్టీ ఉన్నవి. హవాయి చెప్పులు జారిపోతాయి.

నీలికెరటం · మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:30

అమ్మకి ఎలా ఉందో చెబుదామని వచ్చాను.

ఆ క్లినిక్‌కి ఫోన్ చేసి, ఏ రోజుది ఆ రోజు కడతాం, మూడు సిట్టింగుల్లో తేడా లేకపోతే ఆపేస్తాం అన్నాను. అలా కుదరదు అన్నారు. వదిలేశాం. బంగారం బీరువాలోనే ఉంది.

ఆంకాలజిస్ట్‌గారికి అమ్మ తన నోటితోనే అంతా చెప్పింది, ఏడో డోసు సంగతితో సహా. ఆయన కోప్పడలేదు. ప్రీగాబాలిన్ తగ్గిస్తూ డులోక్సెటిన్ మొదలుపెట్టారు. అమ్మ వాడేది లెట్రోజోల్, టామోక్సిఫెన్ కాదు, అది ఆయనే చూసుకున్నారు. బీ12 బాగా తక్కువ వచ్చింది. ఇంజక్షన్లు నడుస్తున్నాయి.

టెన్స్ ముందు మీరన్నట్టే ఫిజియో దగ్గర పెట్టించి చూశాం, తర్వాత కొన్నాం. రాత్రి తొమ్మిదిన్నరకి పిక్కల దగ్గర పెడుతున్నాను. ఏది పనిచేస్తోందో విడదీసి చెప్పలేను కానీ, వారంలో నాలుగు రోజులు ఒంటిగంట దాకా పడుకుంటోంది. పదికి పది ఉన్న మంట ఆరు అంటోంది. చేతుల మొద్దు మాత్రం ఏమీ మారలేదు.

ఒంటికాలి మీద నాలుగు లెక్కపెట్టేలోపు గట్టు పట్టేసుకుంటోంది. మొదట్లో రెండే.

ఫిజియో_మద్దిలపాలెం · ఆదివారం, రాత్రి 7:10

పది ఆరవడం చిన్న విషయం కాదు. చేతుల మొద్దుకి నెలలు పడుతుంది, శనగలు ఏరడం ఆపకండి. ప్యాడ్ల కింద తోలు ఎర్రగా అవుతోందా? రోజూ ఒకేచోట పెట్టకుండా కొంచెం జరుపుతూ ఉండండి. జిగురు పోయిన ప్యాడ్లు మార్చేయండి, సగం అంటిన ప్యాడ్ దగ్గరే కాలుతుంది.

పెందుర్తి_కోడలు · ఆదివారం, రాత్రి 7:45

మా చెల్లికి మూడు డోసులయ్యాయి. డాక్టర్‌గారు ఒప్పుకున్నారు, ఐసు పెడుతున్నాం. మొదటిసారి అరగంటకే తీసేసింది, మొన్న బుధవారం మొత్తం ఉంచుకుంది. గుండీల ప్రశ్న ప్రతి వారం అడుగుతున్నాను.

ఉక్కునగరం_రిటైర్డ్ · ఆదివారం, రాత్రి 8:20

నీలికెరటం అమ్మా, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. ఒంటికాలి మీద నేనిప్పుడు పదకొండు లెక్కపెడుతున్నాను. మీ ఫిజియోగారు రాసింది చదివాకే మొదలెట్టాను.

నీలికెరటం · ఆదివారం, రాత్రి 9:20

చెప్పాను బాబాయిగారూ. "ఆయన్ని పదకొండు దగ్గరే ఆగమను, నేను వస్తున్నాను" అంది.

ఫిజియో గారూ, ఎడమ పిక్క దగ్గర కొంచెం ఎర్రగానే ఉంది, ఇప్పుడే చూశాను. ఈ రోజుకి ఆ వైపు పెట్టడం లేదు. కొత్త ప్యాడ్లు రేపు తెస్తాను.